కొవాటీ వారి అల్లుడు

ప్రభుత్వం ఆ ఏడాదిని ఆదర్శ కుటుంబ సంవత్సరంగా ప్రకటించింది. భార్య, భర్త, ఇద్దరు పిల్లలు ఒకే చాప మీద కూర్చుని పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న పోస్టరు అచ్చువేసి అన్ని శాఖలకూ పంపారు. గనుల శాఖకు పంపారు, భూగర్భ జలాల శాఖకు పంపారు. వాళ్ళు గోడకు అంటించి తమ పని తాము చూసుకున్నారు. మా నందిగిరి జూకి కూడా ఒకటి వచ్చింది. మా దగ్గర వ్యవహారం గోడతో ఆగలేదు. ఎందుకంటే మా క్యూరేటరు పేరి సుదర్శనరావు గారికి ఇంకా ఒక పదోన్నతి రావలసి ఉంది.

పోస్టరుతో పాటు సర్క్యులరు కూడా ఉంది. "మీ శాఖ పరిధిలో నివసించు కుటుంబములన్నింటిని గుర్తించి, వానిలో ఆదర్శమైనవి ఎన్ని, కానివి ఎన్ని, కానివానిని ఆదర్శముగా చేయుటకు తీసుకొన్న చర్యలు ఏవి, ప్రతి నెలా ఐదవ తేదీలోగా నివేదించవలెను."

సార్ నన్ను పిలిచారు. నేను అక్కడ సీనియర్ అసిస్టెంటుని. పేరు పోలినాయుడు. పదహారేళ్ళుగా ఆ ఆఫీసులో ఏ కాగితం పుట్టినా నా చేతిలోనే పుడుతోంది.

"మన పరిధిలో కుటుంబాలెన్ని ఉన్నాయయ్యా?"

"స్టాఫ్ క్వార్టర్లు నాలుగండి. రెండు ఖాళీ, ఒకటి కూలిపోయింది. నాలుగోదాంట్లో వాచ్‌మన్ ఉంటాడు. బ్రహ్మచారి."

"అవి కాదు. లోపలివి," అంటూ సార్ కిటికీలోంచి బోనుల వైపు చూపించారు.

అలా మా జూలో కుటుంబ సర్వే మొదలైంది. సార్ ముందు, నేను రిజిస్టరు పట్టుకుని వెనక. సారస పక్షుల జంటకి అక్కడికక్కడే ఆదర్శం అని రాయించారు. సింహం దగ్గర ఇద్దరు భార్యలు తేలారు. "రాజుగారి విషయం మనకెందుకు?" అని దాటేశారు. తాబేళ్ళలో భర్తెవరో భార్యెవరో ఇద్దరికీ తెలియలేదు, ఆ గడి ఖాళీగా వదిలేశాను. చివరికి కొవాటీల దగ్గరికి వచ్చాం. అప్పటిదాకా అంతా సవ్యంగానే ఉంది.

కొవాటీ అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పిల్లి కంటే కాస్త పెద్దది. ఒళ్ళు గోధుమ రంగు, తోకకి పట్టీలు పట్టీలుగా చారలు. ముక్కు మాత్రం దేవుడు తీరిక వేళ చేసినట్టుంటుంది. పొడవుగా, ఎటు కావాలంటే అటు తిరుగుతూ, క్షణం కుదురుగా ఉండదు. దక్షిణ అమెరికా అడవుల జంతువు. ఏదో విదేశీ జూ వాళ్ళు మా దగ్గర నెమళ్ళు తీసుకుని బదులుగా వీటిని ఇచ్చారు. తొమ్మిది ఆడవి, ఒకటి మగది. పెట్టెలతో పాటు ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం కూడా వచ్చింది. పశువైద్యుడి పోస్టు రెండేళ్ళుగా ఖాళీ కాబట్టి, బీరువాలో పెట్టి తాళం వేసే ముందు దాన్ని నేనే చదివాను.

అందులో ఉన్నదేమిటంటే, అడవిలో తల్లులు, పిన్నులు, పిల్లలు కలిసి ఇరవై ముప్ఫై దాకా గుంపుగా తిరుగుతాయి. పగలంతా రాలిన ఆకుల్లో ముక్కు దూర్చి పురుగుల్ని తవ్వుకుంటాయి, పళ్ళు తింటాయి. ఎత్తైన గడ్డిలో నడిచేటప్పుడు ఒకదానికొకటి కనబడాలని తోకలు నిటారుగా నిలబెడతాయి. చెట్టు దిగేటప్పుడు వెనక పాదాలు వెనక్కి తిప్పేసి తలకిందులుగా చకచకా వచ్చేస్తాయి. మగది మాత్రం రెండేళ్ళు నిండగానే గుంపు వదిలి ఒంటరిగా తిరుగుతుంది. ఏడాదికొకసారి ఆడవి దాన్ని రానిస్తాయి. రెండు మూడు వారాలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ఆడవాటికి పేలు చూస్తూ ఉంటుంది. పని కాగానే ఆడవన్నీ కలిసి తరిమేస్తాయి. ఎందుకంటే దొరికితే మగది చిన్నపిల్లల్ని తినేస్తుంది.

ఇదంతా పుస్తకం లేకుండానే తెలిసిన మనిషి ఒకరున్నారు. ఆ బోను చూసే కీపరు అసిరమ్మ. నలభై ఏళ్ళుంటాయి. నడుముకి తాళాల గుత్తి, చేతిలో చీపురు. తొమ్మిదింటికీ పేర్లు పెట్టింది. వాటిలో బంగారి అంటే ప్రాణం. మగదానికి ఒంటిగాడని పేరు పెట్టి, పక్క బోనులో విడిగా ఉంచింది.

సార్ ఒంటిగాడి ముందు ఆగారు. "ఇతనెవరు? ఇక్కడ ఒక్కడే ఎందుకున్నాడు?"

"మగోడండి బావూ. మూడు వారాలు ఆటితో ఉన్నాడు. పనైపోనాది. గెంటీసినాయి. మల్లీ ఏడాదికే," అంది అసిరమ్మ.

సార్ మొహం చూసి నేను రిజిస్టరు మూసేశాను. లాభం లేకపోయింది. "భార్యాబిడ్డల్ని విడిచి ఉంటున్నాడని రాయి," అన్నారు. కాస్త ఆలోచించి, "తప్పు ఎవరిదో ప్రస్తుతానికి రాయకు," అన్నారు.

నివేదిక వెళ్ళిన వారానికి ఆదర్శ కుటుంబ సంవత్సరం జిల్లా సమన్వయకర్త శ్రీమతి మండా హైమవతి గారు స్వయంగా వచ్చారు. ఆవిడ అడుగుపెట్టిన చోట విడిపోయిన జంటలు కలిసిపోతాయని పేరు. కలవని జంటలు ఊరొదిలి పారిపోతాయని కూడా అనేవారు. బోను ముందు కుర్చీ వేయించుకుని పది నిమిషాలు చూశారు. కళ్ళు తుడుచుకున్నారు.

"ఇంటి పెద్ద లేని సంసారం! ఈ తొమ్మిది మంది ఆడవాళ్ళు ఏ భరోసాతో బతుకుతున్నారండీ?"

"పురుగులు తిని బతుకుతున్నాయండమ్మగోరు. సుకంగానే ఉన్నాయి," అంది అసిరమ్మ.

"తొమ్మిది మందీ అతని భార్యలేనా?" అని అడిగారావిడ, గొంతు తగ్గించి.

సార్ గతుక్కుమన్నారు. ఔనంటే బహుభార్యాత్వం. జూ ఆవరణలో, ఆదర్శ కుటుంబ సంవత్సరంలో, ప్రభుత్వ ఖర్చుతో. సార్ నా వైపు చూశారు. అలాంటి చూపులకి సమాధానం చెప్పడానికే నాకు జీతమిస్తారు.

"ఒకామే భార్యండి. మిగతా ఎనిమిది మందీ ఆమె చెల్లెళ్ళు. అతనికి మరదళ్ళవుతారు," అన్నాను.

హైమవతి గారి మొహం వెలిగిపోయింది. "నిండైన కుటుంబం! కలపండి. తక్షణం కలపండి."

బంగారిని భార్యగా, ఎనిమిదింటిని మరదళ్ళుగా చూపిస్తూ ఆ సాయంత్రమే వంశవృక్షం గీసి ఫైల్లో పెట్టాను. మర్నాడు ఉత్తర్వు ప్రకారం నడిమి తలుపు తీసి ఒంటిగాడిని గుంపులోకి వదిలారు. నాలుగు నిమిషాలు పట్టింది. ఐదో నిమిషానికి వాడు చెవి చిరిగి, తోక కొసన వెంట్రుకలు లేకుండా నీళ్ళ తొట్టిలో నక్కి ఉన్నాడు. "దాంపత్యంలో ఆరంభంలో ఉండే చిన్న చిన్న పొరపొచ్చాలు" అని నివేదికలో రాశాను. రోజూ గంట చొప్పున కలపమని జవాబు వచ్చింది.

అసిరమ్మ నా టేబులు దగ్గరికి వచ్చి నిలబడింది.

"బావూ, బంగారి నీల్లోసుకుంది. ఈడ్ని రోజూ ఆటి మీద తోల్తే బెదిరిపోయి కడుపు పోతాది. పిల్లలు పుట్టినా ఈడు అక్కడే ఉంటే అన్ని పేనాలూ నమిలీస్తాడు. రాయండి మీరు."

రాశాను. "మగ కొవాటీ పిల్లలను భక్షించును" అని పుస్తకం పేజీ నంబరుతో సహా రాశాను. సార్ ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేశారు. "ఏ తండ్రైనా కన్నబిడ్డల్ని తింటాడా? ఇది విదేశీయులు రాసిన పుస్తకం. వాళ్ళ కుటుంబాల సంగతి మనకి తెలియదా?" అన్నారు.

అసిరమ్మ ఆ ఎర్ర గీతని చాలాసేపు చూసింది. చదువు ఐదో తరగతి. బుర్ర మాత్రం మా అందరి కంటే గట్టిది. సరాసరి సార్ గదిలోకి వెళ్ళింది.

"బావుగోరూ, రేపటి కాడ్నించీ ఆసాడం కదండి. కొత్తల్లుణ్ణి అత్తోరింటికి ఎలగ తోలతామండి? నలుగురూ ఇంటే నవ్వరేటి?"

సార్ కలం పక్కన పెట్టారు. కేలండరు తెప్పించారు. ఆషాఢమే. "అయ్యయ్యో, ఎంత అపచారం జరిగిపోయేది!" అన్నారు. అరగంటలో ఉత్తర్వు వెలువడింది. "ఆషాఢ మాసము దృష్ట్యా మగ కొవాటీని తదుపరి ఆదేశముల వరకు విడిగా ఉంచవలెను." హైమవతి గారు ఫోన్ చేసి మరీ అభినందించారు.

ఆ రోజు నాకు ఒక విషయం బోధపడింది. మా ఆఫీసులో జంతువు గురించి నిజం చెబితే కొట్టేస్తారు. అదే జంతువు మన ఇంటి ఆడపడుచు అంటే లేచి నిలబడతారు. అసిరమ్మకి ఇది నాకంటే ముందే తెలిసింది.

శ్రావణం వచ్చింది. మొదటి మంగళవారం ఒంటిగాడిని మళ్ళీ కలపాలని ఉత్తర్వు. కాని ఆ పొద్దున లెక్కపెడితే గుంపులో ఎనిమిదే ఉన్నాయి. బంగారి లేదు. బోను మూలనున్న నేరేడు చెట్టు మీద, చిటారుకి కాస్త కింద కొమ్మలు విరిచి పేర్చుకుని పడుకుంది. కాన్పు దగ్గర పడ్డ కొవాటీ అలాగే చేస్తుంది. గుంపుని విడిచి, ఒంటరిగా చెట్టెక్కి గూడు కట్టుకుంటుంది. పిల్లలకి కాళ్ళొచ్చాక, ఐదారు వారాలకి, వాటిని తీసుకుని దిగుతుంది.

"భార్య ఇల్లు విడిచి వెళ్ళిపోయింది," అని సార్ నీరసంగా అన్నారు. హైమవతి గారు గంటలో వచ్చేశారు. నిచ్చెన తెప్పించారు. ఫైరు వాళ్ళకి ఫోన్ చేయించారు. గూటిని విప్పి ఆమెని మర్యాదగా కిందికి దింపి, భర్త చేతిలో పెట్టాలని తీర్మానం.

నిచ్చెన చెట్టుకి ఆనేలోపు అసిరమ్మ దాని ముందుకి వచ్చి నిలబడింది. చీపురు కింద పడేసింది.

"తొలికానుపండమ్మగోరూ! తొలికానుపు ఎక్కడైనా మొగుడింట్లో జరుగుతాదేటి? ఆ గుంట పుట్టింటికెల్లింది!"

అంతా చెట్టు వైపు చూశారు. నేరేడు చెట్టు మీద, ఆకుల మధ్య నుంచి పొడుగు ముక్కు ఒకటి బయటికి వచ్చి అటూ ఇటూ తిరిగి లోపలికి వెళ్ళింది.

"పుట్టిల్లా?" అన్నారు హైమవతి గారు, స్వరం మారిపోయి. ఆవిడ స్వయంగా నిచ్చెన తీయించారు. ఫైరు వాళ్ళకి టీ ఇప్పించి పంపేశారు. మర్నాడు నేరేడు చెట్టుని చిరంజీవి సౌభాగ్యవతి బంగారి పుట్టిల్లుగా గుర్తిస్తూ ఉత్తర్వు వచ్చింది. చెట్టుకి మామిడి తోరణం కట్టారు. పుట్టింటివారు ఎవరన్న ప్రశ్న వస్తే, ప్రభుత్వ పక్షాన సుదర్శనరావు గారు తండ్రి స్థానం స్వీకరించారు. ఆ రోజంతా ఆయన కాస్త గంభీరంగా తిరిగారు.

పదిరోజులకి గూట్లోంచి సన్నగా కిచకిచలు వినబడ్డాయి. అసిరమ్మ పరుగున వచ్చి చెప్పింది. నాలుగు పిల్లలు. నాకు కళ్ళు చెమర్చాయి. ఫైళ్ళ మధ్య బతికేవాడికి నిజంగా ఏదైనా పుట్టడం అరుదుగా తటస్థపడుతుంది.

కాని కబురు పైకి వెళ్ళింది. పైనించి అంతకంటే పెద్ద కబురు కిందికి దిగింది. ఇరవై ఒకటో రోజున బారసాల. మంత్రిగారు విచ్చేస్తారు. ఆదర్శ కుటుంబ సంవత్సరం జిల్లా స్థాయి ముగింపు సభ అదే వేదిక మీద. ముఖ్య ఘట్టం ఏమిటంటే, తండ్రి తొలిసారి బిడ్డల్ని చూసుకోవడం. దాన్ని ఫోటో తీసి వచ్చే ఏడాది పోస్టరుగా అచ్చువేస్తారు.

అసిరమ్మ మళ్ళీ ప్రయత్నించింది. పురుడు, మైల, గ్రహణం, పిలుపు అందని అల్లుడు, అన్నీ చెప్పింది. ఈసారి హైమవతి గారు సిద్ధంగా ఉన్నారు. ప్రతిదానికీ శాంతి ఉంది, పరిహారం ఉంది. అల్లుణ్ణి పిలవడానికి సార్ తాంబూలం పళ్ళెంతో ఒంటిగాడి బోనుకి స్వయంగా వెళ్ళారు. చెవి చిరిగిన నాటినుంచి వాడు మనుషులొస్తే చెక్కపెట్టెలో దూరి బయటికి రావడం మానేశాడు. సార్ పది నిమిషాలు నిలబడి, చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చారు. "అలిగాడు," అన్నారు. అల్లుడి అలక తీర్చడానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘం రోజూ రెండు అరటిపళ్ళు, ఒక కోడిగుడ్డు చొప్పున అలక తీర్చింది. వాడు బాగా బలిశాడు.

బారసాల ముందురోజు అసిరమ్మ నాతో ఒకటే మాట అంది. "నా కాడ కట్టుకతలు అయిపోనాయి బావూ."

ముహూర్తం ఉదయం పది నలభైకి. షామియానా బోను లోపలే వేశారు. పది కుర్చీలు, మైకు, బ్యానరు. కార్యక్రమానికి అంతరాయం కలగకుండా మరదళ్ళు ఎనిమిది మందినీ వెనక గదిలో పెట్టి అడ్డతలుపు వేయించారు. ఆ తలుపు తీయకూడదని అసిరమ్మకి రాతపూర్వకంగా మెమో ఇచ్చారు. ఆ మెమో రాసింది నేనే.

మంత్రిగారు వచ్చారు. హైమవతి గారు మైకు అందుకున్నారు. "ఈనాడు విచ్ఛిన్నమవుతున్న మానవ కుటుంబానికి ఒక మూగజీవి కుటుంబం దారి చూపబోతున్నది" అని మొదలుపెట్టి, ఇరవై నిమిషాలు దారి చూపించారు. ఆ ఇరవై నిమిషాల్లో పళ్ళేల్లో పెట్టిన పళ్ళ వాసనకి బంగారి చెట్టు దిగి వచ్చింది. తల కిందికి పెట్టి, వెనక పాదాలు వెనక్కి తిప్పి, గబగబా. పిల్లలకి పాలిచ్చే తల్లి, ఆకలి మీదుంది. షామియానా వెనక పనస తొనల మీద పడింది. గూట్లో నాలుగు పిల్లలూ ఒంటరిగా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే సార్, వేదిక పక్కకి మోయించి తెచ్చిన ఒంటిగాడి చెక్కపెట్టె తలుపు ఎత్తారు.

ఒంటిగాడు బయటికి వచ్చాడు. మెడలో చిన్న బంతిపూల దండ. దాన్ని ఒక పూట ముందే తినడం మొదలుపెట్టాడు, సగం మిగిలింది. ముక్కు పైకెత్తి గాలి వాసన చూశాడు. చెట్టు పైన కిచకిచలు. వాడు ఇంకెటూ చూడలేదు. నేరుగా చెట్టెక్కడం మొదలుపెట్టాడు.

"చూశారా తండ్రి ప్రేమ!" అన్నారు హైమవతి గారు మైకులో. చప్పట్లు మోగాయి. ఫోటోగ్రాఫరు చెట్టు కిందికి పరుగెత్తాడు. మంత్రిగారు కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాడు సగం చెట్టు ఎక్కేశాడు. పుస్తకం చదివినవాణ్ణి, నోరు తెరిస్తే అరవగలిగినవాణ్ణి, మంత్రిగారి వెనక పదో కుర్చీ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి. అయినా చెబుతున్నాను.

అసిరమ్మ అరవలేదు, ఎవరినీ అడగలేదు. వెనక గది దగ్గరికి నడిచి, చేతిలో మెమో కింద పడేసి, దాని మీద అడుగు పెట్టి, అడ్డతలుపు పైకి లాగేసింది.

ఎనిమిది తోకలు నిటారుగా లేచి వచ్చాయి. కుర్చీల మధ్య నుంచి, సార్ కాళ్ళ మధ్య నుంచి, మైకు వైరు తెంపుకుంటూ. ఒకటే కిచకిచ. చెట్టు మీదికి ఎనిమిదీ ఒకేసారి ఎక్కాయి. అరుపు విని బంగారి పనస తొన వదిలేసి తొమ్మిదోదిగా ఎక్కింది. గూటికి మూరెడు కింద ఒంటిగాడిని అందుకున్నాయి. ఆ తర్వాత పైన ఏం జరిగిందో ఆకుల్లో సరిగా కనబడలేదు. బంతిపూల రేకులు మాత్రం కింద హైమవతి గారి మీద రాలాయి. వాడు కొమ్మ మీంచి షామియానా మీద పడ్డాడు. షామియానా చిరిగి వేదిక మీద పడ్డాడు. వేదిక మీంచి లేచి, మంత్రిగారి ఖాళీ కుర్చీ కింద నుంచి దూరి, తన చెక్కపెట్టెలోకి తానే వెళ్ళి మూలకి ఒదిగాడు.

మంత్రిగారు సార్ వైపు వంగి, "ఇది కార్యక్రమంలో ఉన్నదేనా?" అని అడిగారు.

"ఉన్నదేనండి. సాంస్కృతిక అంశం," అన్నారు సార్. ఇరవై ఏడేళ్ళ సర్వీసు ఊరికే పోదు.

మంత్రిగారు నవ్వి వెళ్ళిపోయారు. హైమవతి గారు నవ్వలేదు. మర్నాడే అసిరమ్మకి సంజాయిషీ నోటీసు వచ్చింది. రాతపూర్వక ఆదేశాన్ని ధిక్కరించి తలుపు తీసినందుకు ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో వారంలోగా తెలపాలి.

వారం రోజులూ నేను నిద్రపోలేదు. చివరి రోజున ఒక డ్రాఫ్టు రాశాను. నేను రాసిన కాగితాల్లో దానికి సాటి వచ్చేది లేదు. "అత్తవారింటికి వచ్చిన బావగారిని మరదళ్ళు గుమ్మంలో అడ్డగించి ఆట పట్టించుట మన సంప్రదాయమగుటచే, సదరు సంప్రదాయమునకు భంగము కలుగరాదను సదుద్దేశముతో కీపరు తలుపు తెరచినది." చదివి వినిపించాను. పైవాళ్ళు ఇది చూస్తే ఫైలు మూసేస్తారని నాకు ఖాయంగా తెలుసు.

అసిరమ్మ విని తల అడ్డంగా ఊపింది. "వద్దు బావూ. ఇన్నాళ్ళూ అబద్దాలు ఆడినాను, ఆ గుంటల కోసం. గుంటలు బతికినాయి. మరి నాకోసం అబద్దం ఎందుకు?"

కాగితం అడిగి తీసుకుంది. పెద్ద పెద్ద అక్షరాలతో, మూడు చోట్ల కొట్టివేతలతో రాసింది. "మగది పిల్లల్ని తింటాది. అందుకే తలుపు తీసినాను." సంతకం పెట్టి, చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. మంచి చేస్తున్నాననుకునే చేశాను. ఆమె కాగితం ఫైల్లో పెట్టి, దాని మీద నా డ్రాఫ్టుని కార్యాలయ వివరణగా జతచేశాను. ఒక ఉద్యోగం నిలబెడుతున్నానని ఆ సాయంత్రం ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్ళాను.

నెలాఖరుకి ఉత్తర్వు వచ్చింది. కీపరు సమాధానం అసభ్యముగా, అస్పష్టముగా ఉన్నది కావున పరిగణించడం లేదు. కార్యాలయ వివరణ సంతృప్తికరముగా ఉన్నది కావున చర్య ఉపసంహరించడమైనది. అక్కడితో ఆగితే బాగుండేది. కింద రెండో పేరా ఉంది.

"సదరు మరదళ్ళ వేడుక మిక్కిలి ప్రజాదరణ పొందినందున, ఇకపై ప్రతి సంవత్సరము, ప్రతి కాన్పునకు, ఇరువది ఒకటవ దినమున శాశ్వత ప్రాతిపదికన నిర్వహించవలెను. అతిథుల సౌకర్యార్థము, అల్లుడు గూటిని చేరిన పిదప మాత్రమే మరదళ్ళను విడువవలెను."

ఉత్తర్వు పట్టుకుని బోను దగ్గరికి వెళ్ళాను. బంగారి పిల్లలతో చెట్టు దిగి వారమైంది. నాలుగు పిల్లలూ పిన్నుల మధ్య ఆకుల్లో ముక్కులు దూర్చి తవ్వుతున్నాయి. నాలుగు చిన్న తోకలు నిటారుగా ఉన్నాయి. అసిరమ్మ గట్టు మీద కూర్చుని చూస్తోంది. రెండు పేరాలూ చదివి వినిపించాను.

"గూటి కాడికి చేరినాక ఇడవాలా?"

"ఔను."

"నన్ను కాసినారు బావూ. మరి రేపు పుట్టీవాటిని ఎవులు కాస్తారు?"

ఆఫీసుకి తిరిగొచ్చి, తెల్ల కాగితం తీసి, పైన పాత ఉత్తర్వుల సూచిక ఏదీ వేయకుండా పైవాళ్ళకి రాశాను. మగ కొవాటీ పిల్లల్ని తింటుంది. ఇది ఆచారం కాదు, ఆకలి. కొవాటీలకి పుట్టిల్లు లేదు, అలక లేదు, మరదళ్ళు లేరు. ఇంతకుముందు ఈ ఫైల్లో ఇలాంటివన్నీ రాసింది నేనే, అవన్నీ అబద్ధాలు. వేడుక జరిగితే పిల్లలు చస్తాయి. పేరు రాసి, హోదా రాసి, సంతకం పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం సార్ ఆఫీసు కాపీ చూశారు. ఎర్ర ఇంకు కలం మూత తీశారు. మళ్ళీ పెట్టారు.

"నీకింకా సర్వీసు ఎంతుంది పోలినాయుడూ?"

"పధ్నాలుగేళ్ళండి."

"ఇది ఇంకా డిస్పాచ్‌లో వేయలేదు కదా?"

"పొద్దున్నే వేసేశానండి. నంబరు కూడా పడింది."